రెండో .32 కొనాలా? లైసెన్స్‌లో మిగిలిన ఆ ఒక్క ఖాళీ గురించి

మా మేనల్లుడికి కావలి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పట్టుబడి రోజుల్లో చేతిలో డబ్బు ఉంటుంది, రాత్రిళ్లు చెరువు గట్ల మీద ఒంటరిగా తిరగాల్సి వస్తుంది. ఆ కారణం చూపించే కొన్నేళ్ల కిందట గన్ లైసెన్స్ తెచ్చుకుని, కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వర్ కొన్నాడు. మొన్న సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు, భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని అడిగాడు.

"మామా, ఇంకోటి తీసుకుందామనుకుంటున్నా. ఈసారి పిస్టల్. అదీ .32లోనే. బోరు చేతికి అలవాటైపోయింది కదా, తూటాలు కూడా రెండింటికీ ఒకటే సరిపోతాయి."

ఆ చివరి మాట వినగానే నాకు టెన్షన్ మొదలైంది. నేను సైన్యంలో ఆర్మరర్‌గా చేశాను. తుపాకులు విప్పడం, కడగడం, అరిగిన భాగాలు మార్చడం నా పని. రిటైరై ఊరికొచ్చాక లైసెన్స్ ఉన్నవాళ్లు సలహా కోసం వస్తుంటారు. చీమకుర్తి వైపు క్వారీలున్నవాళ్లు, పొదలకూరు నిమ్మతోటల వాళ్లు, ఒంగోలు వ్యాపారులు. వాళ్లలో చాలామంది మా వాడిలాగే అనుకుంటారు. ఒక బోరు (గొట్టం కొలత) నచ్చితే అదే బోరులో ఇంకోటి కొనడం తేలికైన నిర్ణయమని. మన చట్టం, మన దగ్గర దొరికే తుపాకులు, మన తీరప్రాంతపు గాలి, ఇవన్నీ కలిపి చూస్తే అది అంత తేలికైన నిర్ణయం కాదు. ఆ రోజు మా వాడికి చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ ఇక్కడ రాస్తున్నాను.

.32 అని రాసున్నవన్నీ ఒకటి కావు

ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి ముందు ఇదే చెబుతాను. మన దేశంలో లైసెన్స్ మీద దొరికే .32 రివాల్వర్‌లో వాడే తూటా వేరు, .32 పిస్టల్‌లో వాడే తూటా వేరు. రివాల్వర్‌ది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. ఇది 1896లో వచ్చింది. పిస్టల్‌ది .32 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్). జాన్ బ్రౌనింగ్ తన ఆటోమేటిక్ పిస్టల్ కోసం 1899లో తయారుచేసిన తూటా అది. దాన్నే 7.65 బ్రౌనింగ్ అని కూడా అంటారు. రెండింటి గుండు వ్యాసం దాదాపు ఒకటే, 8 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పేరులో .32 అని ఉండడానికి కారణం అంతే. ఆ అంకె తూటా లావు చెబుతుంది. పొడవు, అందులో మందు పుట్టించే ఒత్తిడి, వెనక అంచు ఆకారం, వీటి గురించి ఏమీ చెప్పదు.

రివాల్వర్ తూటా గొట్టం పొడవు 23 మిల్లీమీటర్ల పైచిలుకు. పిస్టల్ తూటా గొట్టం 17 మిల్లీమీటర్లే. రివాల్వర్ గుండు సాధారణంగా 98 గ్రెయిన్లు, అంటే 6 గ్రాములకు కొంచెం పైన, మెత్తటి సీసం. పిస్టల్ గుండు 71 గ్రెయిన్లు, నాలుగున్నర గ్రాములు, పైన రాగి తొడుగు. చూడటానికి పిస్టల్ తూటా చిన్నది. కానీ లోపల పుట్టే ఒత్తిడి దానిదే ఎక్కువ. అమెరికా తయారీదారులు పాటించే ప్రమాణాల ప్రకారం .32 లాంగ్ గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు, .32 ఏసీపీది 20,500 పౌండ్లు.

రివాల్వర్ తూటా పొడవెక్కువ కాబట్టి పిస్టల్ మేగజైన్‌లోకి, అంటే తూటాలు నింపే పెట్టెలోకి, దూరదు. ఆ వైపు నుంచి ప్రమాదం లేదు. పిస్టల్ తూటా మాత్రం చాలా రివాల్వర్ల ఛాంబర్‌లోకి, అంటే తిరిగే సిలిండర్‌లో తూటా కూర్చునే గదిలోకి, వదులుగా జారిపోతుంది. వెనక అంచు చిన్నదైనా కొన్నిసార్లు పట్టుకుని నిలబడుతుంది, పేలుతుంది కూడా. 15,000 పౌండ్ల లెక్కతో కట్టిన సిలిండర్‌లో 20,000 పౌండ్ల తూటా పేలితే ఆ రోజు ఏమీ కాకపోవచ్చు. పాత తుపాకీ అయితే, లోహం ఎక్కడో అలసిపోయి ఉంటే, సిలిండర్ చీలుతుంది. పట్టుకున్న చేయి, చూస్తున్న కళ్లు అక్కడే ఉంటాయి.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన రివాల్వర్ శుభ్రం చేయించుకోవడానికి వచ్చాడు. ఆయన తెచ్చిన పెట్టెలో ఉన్నవి పిస్టల్ తూటాలు. షాపులో ".32 ఇవ్వండి" అని అడిగాడట, వాళ్లు ఇచ్చారు. లైసెన్స్ పుస్తకంలో కూడా ".32" అనే ఉంది. సిలిండర్‌లోకి ఆరూ దిగిపోయాయి కాబట్టి సరైనవే అనుకున్నాడు. అప్పటికి ఒక్కటీ కాల్చలేదు, అదృష్టం. అప్పటి నుంచి ఎవరు తుపాకీ తెచ్చినా ముందు తూటా చేతిలోకి తీసుకుని దాని అడుగున చెక్కిన అక్షరాలు చదువుతాను.

ఇప్పుడు మా వాడి ప్లాన్ చూడండి. ఒకే ఇంట్లో, ఒకే బీరువాలో .32 రివాల్వర్, .32 పిస్టల్, రెండు రకాల .32 తూటాలు. చీకట్లో, హడావిడిలో చేయి ఏ పెట్టె మీద పడుతుంది? ఒకే బోరు కాబట్టి సౌకర్యం అనుకున్నది నిజానికి కలగాపులగమయ్యే ప్రమాదం. వేర్వేరు బోర్లు అయి ఉంటే కనీసం పేరైనా తేడాగా ఉండేది.

మన దగ్గర .32 ఎందుకింత ప్రియమైంది

అమెరికాలో ఎవరైనా నాకు ఫలానా బోరు ఇష్టం అంటే, పది రకాలు కాల్చి చూసి ఎంచుకున్నాడని అర్థం. మన దగ్గర ఆ ఇష్టం వెనక చట్టం ఉంది. సైన్యం, పోలీసులు వాడే బోర్లను మామూలు లైసెన్స్ మీద ఇవ్వరు. వాటిని నిషిద్ధ బోరు అంటారు. .303 రైఫిల్, 9 ఎంఎం పిస్టల్ అలాంటివే. ప్రభుత్వ ఆయుధాగారం నుంచి తూటా బయటికి పోయినా బయట దాన్ని వాడే తుపాకీ ఉండకూడదన్నది బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న ఆలోచన. అలా 9 ఎంఎం తలుపు మూసుకుపోయింది. 1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి కూడా ఆగిపోయింది. ఆడటానికి తెచ్చుకునే గుర్తింపు పొందిన షూటర్లకు తప్ప మిగతావాళ్లకు దారి లేదు. ఇక మిగిలింది మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల, అంటే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల సరుకు. చేతి తుపాకుల్లో వాళ్లు ప్రధానంగా చేసింది .32, కొంతవరకు .22.

కాన్పూర్ నుంచి వచ్చే మార్క్ 3 రివాల్వర్ చాలా ఇళ్లలో ఉంది. 2014లో మహిళల కోసమని అర కేజీ బరువుతో నిర్భీక్ తెచ్చారు. అప్పట్లో దాని ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. కోల్‌కతా కాశీపూర్ ఫ్యాక్టరీ అశని అనే .32 పిస్టల్ చేసింది. ఇషాపూర్ నుంచి 250 గ్రాముల .22 రివాల్వర్ నిడర్ వచ్చింది. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక, తుపాకుల ఫ్యాక్టరీలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న కంపెనీ కిందికి వెళ్లాయి. 2023లో వాళ్లు ప్రబల్ అనే కొత్త .32 రివాల్వర్ విడుదల చేశారు. పాత వాటిలా నడుం విరిచి తూటాలు నింపే రకం కాదు, సిలిండర్ పక్కకు తెరుచుకునే రకం. వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో ఉత్తరప్రదేశ్‌లో తయారవుతున్న .32 రివాల్వర్లు కూడా ఉన్నాయి.

కాబట్టి మా వాడు ".32 నాకు ఇష్టం" అన్నప్పుడు, దొరికింది అలవాటై ఇష్టంగా మారిందని అనుకోవాలి. అందులో తప్పేమీ లేదు. నిజానికి .32 లాంగ్ నాక్కూడా ఇష్టమైన తూటానే. చేయి అదరదు, శబ్దంతో గుండె ఝల్లుమనదు, పెట్టిన చోట పడుతుంది. ప్రపంచ స్థాయి 25 మీటర్ల సెంటర్ ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే రకం) పిస్టల్ పోటీల్లో ఎక్కువమంది షూటర్లు ఎంచుకునేది ఇదే .32 లాంగ్, మొన తెగ్గోసినట్టు చదునుగా ఉండే గుండుతో. ఆ చదును మొన టార్గెట్ కాగితం మీద గుండ్రంగా శుభ్రమైన రంధ్రం చేస్తుంది, మార్కులు లెక్కపెట్టడం సులువవుతుంది. 2006 దోహా ఆసియా క్రీడల్లో మన షూటర్ జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేస్తూ బంగారు పతకం గెలిచింది ఈ సెంటర్ ఫైర్ విభాగంలోనే. ఈ తూటాను చిన్నచూపు చూసేవాళ్ల మాట నేను వినను.

రెండే ఖాళీలు

ఇక చట్టం. 1959 ఆయుధాల చట్టం కింద 2019 దాకా ఒక మనిషి మూడు తుపాకులు పెట్టుకునే వీలుండేది. 2019లో ఆ చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది డిసెంబర్ 14 నుంచి మూడు కాస్తా రెండైంది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా పోలీస్ స్టేషన్లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాల్సి వచ్చింది. అదే సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గుర్తింపు పొందిన షూటర్లకు ఎక్కువ తుపాకులకు అనుమతి ఉంది, అది వేరే దారి. మామూలు మనిషికి రెండే.

చాలామంది గమనించని సంగతి, ఆ రెండులో వారసత్వంగా వచ్చేవీ కలిసిపోతాయి. తాత తుపాకీ, నాన్న తుపాకీ అని విడిగా లెక్క లేదు. మా బావ దగ్గర, అంటే ఆ మేనల్లుడి నాన్న దగ్గర, ఎప్పటి నుంచో ఒక డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) 12 బోరు తుపాకీ ఉంది. ఆయనకు డెబ్బై దాటాయి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్స్‌దారుడికి 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు దగ్గరుంచుకున్నా, బతికుండగానే దాన్ని వారసుడి పేరు మీదికి మార్చమని అడగవచ్చు. ఇప్పుడు మా వాడు పిస్టల్ కొని రెండో ఖాళీ నింపేస్తే, రేపు నాన్న తుపాకీకి చోటుండదు. అప్పుడు ఏదో ఒకటి అమ్మాలి. ఇష్టపడి కొన్న పిస్టలా, నాన్న ఇచ్చిన తుపాకీనా అనే ప్రశ్న ఆ ఇంట్లో ఎంత బాధ పెడుతుందో నేను ఊహించగలను. అందుకే ఎవరొచ్చినా ముందు "మీ నాన్నగారి దగ్గర ఏముంది?" అని అడుగుతున్నాను.

అమ్మడం కూడా మోటార్ సైకిల్ అమ్మినట్టు కాదు. లైసెన్స్ ఉన్న మరో మనిషికి అమ్మాలంటే కనీసం 45 రోజుల ముందు కలెక్టర్‌కో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలపాలని చట్టం చెబుతోంది. కొనేవాడి లైసెన్స్‌లో దానికి చోటుండాలి. అందరికీ రెండే ఖాళీలైనప్పుడు సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు తగ్గిపోతారు.

కొనడానికి అయ్యే ఖర్చు కూడా పెరిగింది. రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతమైంది. లక్ష రూపాయల పిస్టల్‌కు నలభై వేలు పన్నే. మా వాడికి ఈ లెక్క తెలియదు, ఏడేళ్ల కిందటి ధర మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

రెండో తుపాకీ లైసెన్స్‌లో ఎక్కాలంటే కలెక్టర్ ఆఫీసులో మళ్లీ దరఖాస్తు, మళ్లీ పోలీసు విచారణ, మళ్లీ కారణం. మొదటి దానికి ఆత్మరక్షణ అని రాశాం. రెండో దానికి ఏం రాస్తాం? "ఆ బోరు ఇష్టం" అని రాయలేం. నిజమైన కారణం కాగితం మీద పెట్టడానికి కూర్చుంటే, కొనాలా వద్దా అన్నది సగం అక్కడే తేలుతుంది.

బోరు అలవాటైతే సరిపోదు

మా వాడు "అలవాటైపోయింది" అన్నాడు కదా, ఆ మాట దగ్గర కొంచెంసేపు ఆగుదాం. చేతికి అలవాటయ్యేది బోరు కాదు, యంత్రం. రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, సిలిండర్ తిరిగి తర్వాతి తూటా వస్తుంది. పిస్టల్‌లో పేలకపోతే రెండో చేత్తో స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) వెనక్కి లాగి ఆ తూటాను బయట పడెయ్యాలి. రివాల్వర్‌లో తూటాలున్నాయో లేదో తెరిస్తే తెలిసిపోతుంది. పిస్టల్‌లో మేగజైన్ తీసేసినా ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. "మేగజైన్ తీశాను, ఖాళీనే" అనుకోవడం వల్ల జరిగే ప్రమాదాల గురించి సైన్యంలో మాకు మొదటి వారం నుంచి చెప్పేవాళ్లు. ముందు మేగజైన్ తియ్, తర్వాత స్లైడ్ లాగు, కంటితో చూడు, వేలితో తడుము. ఆ వరుస మారితే ఒప్పుకునేవాళ్లు కాదు.

పిస్టల్‌కు సేఫ్టీ మీట ఉంటుంది. రివాల్వర్ వాడినవాడి బొటనవేలికి పిస్టల్ మీద ఆ మీట ఉండే చోటు అలవాటై ఉండదు. ఏళ్ల తరబడి రివాల్వర్ వాడినవాడు పిస్టల్ చేతిలోకి తీసుకుంటే కొత్తగా నేర్చుకునేవాడి కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. కొత్తవాడికి భయం ఉంటుంది. పాతవాడికి నాకు తెలుసు అనే ధైర్యం ఉంటుంది.

నేర్చుకోవడం ఎక్కడ? చెరువు గట్టు మీద, తోటలో కాల్చి చూడటం కుదరదు. ఆత్మరక్షణ లైసెన్స్ అందుకోసం ఇవ్వలేదు. అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లోనే కాల్చాలి. మా వాడు రివాల్వర్ కొన్నాక మొత్తం ఎన్ని తూటాలు కాల్చి ఉంటాడని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టాడు. రెండు చేతుల వేళ్లు సరిపోయాయి. ఏడేళ్లలో పది తూటాలు కాల్చిన మనిషికి రెండో తుపాకీ కంటే మొదటిదాని మీద పదిసార్లు రేంజ్‌కు వెళ్లడం వేయి రెట్లు మేలు. నా అభిప్రాయాలన్నిటిలో దీని మీద నాకు ఏ అనుమానమూ లేదు.

తూటాల సంఖ్య కూడా చూసుకోవాలి. ఒకేసారి ఎన్ని దగ్గర పెట్టుకోవచ్చు, ఏడాదికి ఎన్ని కొనవచ్చు అన్నది లైసెన్స్‌లో రాసి ఉంటుంది. కొన్న ప్రతిసారీ డీలర్ అందులో నమోదు చేస్తాడు. రెండు రకాల తూటాలకు విడివిడిగా లెక్క రాయించుకోవాలి. తూటాలు పాతబడతాయి కూడా. మన తేమలో ఏళ్ల తరబడి ఉన్నవి పేలవు, లేదా ఆలస్యంగా పేలతాయి. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే కనీసం అర నిమిషం గొట్టం సురక్షితమైన వైపే ఉంచాలి.

మన ఊరి గాలి, మన ఊరి దారులు

కావలి నుంచి కృష్ణపట్నం దాకా సముద్రం పక్కనుండే ఊళ్లలో ఇనుముకు శత్రువు గాలే. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ మోటార్లు ఎలా తుప్పు పడతాయో రొయ్యల రైతులకు నేను చెప్పక్కర్లేదు. తుపాకీ గొట్టం కూడా ఆ ఇనుమే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో, తుపాన్ల రోజుల్లో, నూనె రాయకుండా పది రోజులు వదిలేస్తే గొట్టం లోపల ఎర్రటి పొడి కనిపిస్తుంది. తోలు కవర్‌లో పెట్టి బీరువాలో దాచేవాళ్లు ఇంకా ఎక్కువ నష్టపోతారు. తోలు తేమను పీల్చుకుని పట్టి ఉంచుతుంది. కవర్ నడుముకు కట్టుకునేటప్పుడే, ఇంట్లో కాదు. మా వాడి రివాల్వర్ విప్పి చూస్తే సిలిండర్ కడ్డీ మీద తుప్పు మచ్చలున్నాయి. ఒకదాన్ని చూసుకోవడానికే తీరిక లేనప్పుడు రెండోది ఎవరు తుడుస్తారు?

గిద్దలూరు, ఉదయగిరి వైపు గాలి పొడిగా ఉంటుంది, ఈ బాధ తక్కువ. అక్కడివాళ్లు అడవి పందుల గురించి అడుగుతారు. పంటను పందులు పాడుచేస్తున్నాయని చేతి తుపాకీ కొంటే అది ఎందుకూ పనికిరాదు. వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాటిని కాల్చకూడదు కూడా. ఆ సమస్య అటవీ అధికారుల దగ్గర తేలాల్సిందే.

దారుల సంగతి ఇంకోటి. నెల్లూరు వాళ్లకు ఆస్పత్రి అన్నా, పెళ్లి బట్టలన్నా చెన్నై. కారులో బయలుదేరితే తడ దాటగానే తమిళనాడు. లైసెన్స్ ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లితే, నడుముకున్న తుపాకీ ఆ సరిహద్దు దగ్గర నేరమవుతుంది. హైదరాబాద్ విషయంలో పెద్దవాళ్లు ఇప్పటికీ పొరబడుతుంటారు. 2014 జూన్ 2 తర్వాత అది వేరే రాష్ట్రం. పిల్లల దగ్గరికి వెళ్తూ పాత అలవాటు కొద్దీ వెంట తీసుకెళ్లకూడదు. దేశమంతా చెల్లేలా మార్పించుకోవాలి, లేదా ఇంట్లో భద్రంగా పెట్టి వెళ్లాలి. రెండు తుపాకులుంటే ఇంట్లో మిగిలిపోయే తుపాకీ ఎప్పుడూ ఒకటుంటుంది. మనిషి ఊళ్లో లేనప్పుడు ఆ ఇంటి తాళం మీద ఉండే బరువు అదే.

ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమని కబురు రావచ్చు. చేసినప్పుడు రసీదు తీసుకోండి, తుపాకీ నంబర్ సరిగ్గా రాశారో చూడండి. తిరిగి తెచ్చుకున్న రోజే విప్పి నూనె రాయండి, అది ఎన్ని రోజులు ఎక్కడ పడి ఉందో మనకు తెలియదు.

ఎప్పుడు కొనవచ్చు

ఇంత చెప్పినా, రెండోది కొనడం ఎప్పుడూ తప్పే అనను. పాత విదేశీ రివాల్వర్ ఉండి, స్ప్రింగ్ విరిగితే ఇక్కడ దొరకదనుకోండి. అప్పుడు అదే తూటా వాడే కొత్త రివాల్వర్ కొనడం సరైన పని. కానీ పాతదాన్ని వదిలించుకుని కొనమంటాను. ప్రమాదం నిజంగా ఉన్న మనిషి, రిపేర్ కోసం తుపాకీ నెలల తరబడి డీలర్ దగ్గర ఉండిపోతే తట్టుకోలేడు అనుకుంటే, అచ్చంగా అదే రకం రివాల్వర్ ఇంకోటి ఉండటంలో అర్థముంది. అదే తూటా, అదే ట్రిగ్గర్, అదే అలవాటు. ఒకే బోరు అన్న మాటకు నిజమైన లాభం దొరికేది ఈ ఒక్క చోటే. రివాల్వర్ పక్కన పిస్టల్ కొన్నప్పుడు ఆ లాభం రాదు.

కాల్చడం మీద ప్రేమ ఉన్నవాళ్లయితే రైఫిల్ క్లబ్‌లో చేరి ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టమంటాను. పదిహేనేళ్ల పిల్లలు పది మీటర్ల దూరంలో ఎయిర్ పిస్టల్‌తో చేసే గురిని చూస్తే, ఇష్టం అనేది తుపాకుల సంఖ్యలో లేదని అర్థమవుతుంది. నాకు ఆ పిల్లలను చూస్తే కళ్లు చెమరుస్తాయి.

చివరికి ఇంట్లో మనుషులు. రెండో తుపాకీ అంటే రెండో తాళం, రెండో లెక్క, పిల్లల చేతికి అందే రెండో అవకాశం. తుపాకీ ఒక చోట, తూటాలు ఇంకో చోట, తాళాలు మూడో చోట ఉండాలి. ఇది చెప్పడానికి మొహమాటపడను: పంట పోయి, అప్పులు పెరిగి, నిద్ర లేకుండా ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉంటే, రెండోది సరే, ఉన్న ఒక్కటి కూడా ఇంట్లో ఉండకూడదు. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో, స్టేషన్లోనో డిపాజిట్ చేయడానికి చట్టంలోనే వీలుంది. వైరస్ వచ్చి చెరువులు ఎండిన సంవత్సరాలు మన తీరంలో చూశాం. ఆ రాత్రుల్లో మనిషి మనసు ఒక గంటలో మారిపోతుంది. ఆ గంట గడిచేదాకా చేతికందే దూరంలో తుపాకీ లేకపోతే చాలు, మనిషి మిగులుతాడు.

ఇవన్నీ విన్నాక మా వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాన్నది నా పేరు మీదికి మార్చడానికి ఏమేం కాగితాలు కావాలి మామా?" అని అడిగాడు. వచ్చే సోమవారం ఒంగోలు మీదుగా వచ్చే వాళ్ల అన్నయ్యతో కలిసి, బావను తీసుకుని నెల్లూరు కలెక్టరేట్‌కు వెళ్తున్నారు. వారసులు ఇద్దరున్నారు కదా, తనకు అభ్యంతరం లేదని అన్నయ్య రాసివ్వాలి. ఈలోపు రివాల్వర్‌కు పట్టిన తుప్పు వదిలించి, ఆ 12 బోరు గొట్టాలు లోపల ఎలా ఉన్నాయో చూసి చెబుతానన్నాను.